గట్టికుట్టు పిన్ని కుట్టిన గాలి సంచి

మా పిన్ని కుట్టిన దిండు గలీబు చిరిగితే చిరుగుతుంది గానీ కుట్టు మాత్రం ఊడదు. మా ఊళ్ళో ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. బడి సంచులు, పరుపు గుడ్డలు, లారీల మీద కప్పే పట్టాలు, ఏదిచ్చినా ఒక వరస కుట్టి ఊరుకునే మనిషి కాదు. దాని పక్కనే ఇంకో వరస, లోపల ఒక పట్టీ, మూలల్లో అడ్డంగా మళ్ళీ బిగింపు. "అంత అవసరమా పిన్నీ?" అంటే, "నేను కుట్టింది ఊడిపోయి మళ్ళీ నా గుమ్మం ఎక్కకూడదే. అంతకంటే తలవంపులు ఇంకోటి లేదు నాకు," అనేది. అందుకే ఆమెకి గట్టికుట్టు అని పేరు పడింది. ఆ పేరుతో పిలిస్తే పైకి చిరాకు పడేది గానీ లోపల ఎంత పొంగిపోయేదో నాకు తెలుసు. ఆమె మా అమ్మకి చెల్లెలు. కుట్టు నేర్చుకుంటానని వెళ్ళి, ఆమె మిషను పక్కన నా మిషను వేసుకుని, ఆ ఇంట్లోనే ఉండిపోయాను.

ఆమె గురించి చెప్పాలంటే మా విమానాశ్రయం గురించి చెప్పాలి. చెప్పమని నన్నెవరూ అడగలేదు. అడిగించుకున్న పెద్దలు రాసిన చరిత్ర అక్కడి గాజు భవనంలో గోడ మీద వేలాడుతోంది. అందులో ఒక్క వాక్యం అబద్ధం. ఆ ఒక్క వాక్యం గోడ మీద నుంచి దిగాలని పిన్ని పడ్డ పాట్లే ఈ కథంతా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందంటారు. ఉండనివ్వండి, ఈ విషయంలో ఉండాల్సిందే.

మొదట్లో అది పశువులు మేసే బీడు. పంటల మీద మందు చల్లే చిన్న విమానం దిగాలని చదును చేశారు. విమానం మోత వినిపించగానే పశువుల్ని అవతలకి తోలడానికో మనిషి కావాల్సి వచ్చింది. ఆ మనిషి మా బాబాయి, అంటే పిన్ని మొగుడు. సైకిలెక్కి, లుంగీ ఎగ్గట్టి, బీడంతా అరుచుకుంటూ తిరిగేవాడు. తర్వాత ఉత్తరాల మూటలు తెచ్చే విమానం వచ్చింది. దానితో మాట్లాడటానికి ఒక రేడియో పెట్టె, ఆ పెట్టెకో రేకుల గది వచ్చాయి. అక్కడ ఇంకెవరూ లేరు గనక పశువులు తోలేవాడికే రేడియో కూడా నేర్పారు. అలా మా బాబాయి ఉద్యోగస్తుడైపోయాడు.

రేడియోలో ఏ మాటైనా రెండుసార్లు చెప్పాలి. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. "టీ పెట్టు. మళ్ళీ చెబుతున్నాను, టీ పెట్టు," అనేవాడు. "నాకేం చెవుడు లేదండీ," అని పిన్ని వంటింట్లోంచి అరిచేది. జనాన్ని ఎక్కించుకునే విమానం వచ్చాక ఇంకా తమాషా. ఆ విమానం ఎంత చిన్నదంటే, పెట్టెలతో పాటు మనుషుల్ని కూడా కాటా మీద నిలబెట్టి తూచేవారు. బడి హెడ్మాస్టరు గారు మాంచి భారీ మనిషి. "నేనేమైనా ఉల్లిపాయల బస్తానా?" అని ఆయన మొండికేశాడు. చివరికి ఎక్కక తప్పలేదు. బాబాయి ఆయన బరువు గట్టిగా చదివి, అలవాటు కొద్దీ "మళ్ళీ చెబుతున్నాను" అని ఇంకోసారి చదివాడు. హెడ్మాస్టరు గారు బాబాయితో చాలాకాలం మాట్లాడలేదు.

ఆ రోజుల్లో ఊరికి ఆ బీడంటే ఎంత గొప్పో చెప్పలేను. తారు రోడ్డులా రన్‌వే వేశారు. పొట్టిదే, చివర వాననీటి కాలవ ఉంది. "ఇప్పటికిది చాలు, తర్వాత పొడిగిద్దాం," అన్నారు. ఇటుకల గది కట్టారు, గోడ గడియారం పెట్టారు, కుర్చీలు వేశారు. ఒక మేనేజరు గారు వచ్చారు. ఆయన జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. పని మీద ఉన్నా లేకున్నా ఊరి జనం వచ్చి కంచె పట్టుకుని నిలబడేవాళ్ళు. పిన్ని వాళ్ళ పెరడు ఆ కంచెకి ఆనుకునే ఉంటుంది. బట్టలు ఆరేసే తీగ దగ్గర నిలబడితే రేకుల గదీ, దాని ముందు ఎత్తైన కర్రకి వేలాడే గాలి సంచీ కనిపిస్తాయి.

గాలి సంచి అంటే నారింజ, తెలుపు పట్టీల గుడ్డ గొట్టం. ఒక మూతి పెద్దది, ఒక మూతి చిన్నది. గాలి ఎటు వీస్తే అటు తిరిగి లేస్తుంది, లేకపోతే వేలాడుతుంది. విమానం గాలికి ఎదురుగా దిగాలి. వెనక నుంచి గాలి తోస్తుంటే దిగిన విమానం తొందరగా ఆగదు. అందుకని బాబాయి కిటికీలోంచి సంచిని చూసి పైలట్‌కి చెప్పేవాడు. సంచిని చూడటం, చూసింది చెప్పడం, అదీ ఆయన పని.

ఎండకీ గాలికీ ఆ సంచి పీలికలైపోయేది. కొత్తది పట్నంలో కంపెనీ నుంచి రావాలి. ఒకసారి అది ఎంతకీ రాలేదు. మేనేజరు గారు దువ్వెన తీసి తల దువ్వుకుని, "గొట్టంలా కుట్టడమేగా, దీనికి పట్నం దాకా ఎందుకయ్యా? మీ ఆవిడ ఉందిగా," అన్నారట. బాబాయి పాత సంచిని చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు.

పిన్ని దాన్ని వెలుగుకి ఎత్తి చూసి మొహం చిట్లించింది. "ఇదేం కుట్టండీ? దోమతెర కంటే కనాకష్టంగా ఉంది. ఒకే వరస! గుడ్డ కూడా ఉల్లిపొరలా ఉంది. పని రానివాళ్ళు కుట్టారు."

"నువ్వు గట్టిగా కుట్టు. మళ్ళీ చెబుతున్నాను..."

"మీరు మళ్ళీ చెప్పక్కర్లేదు."

ఆ సంచిని ఆమె పెళ్ళిబట్టలు కుట్టినంత శ్రద్ధగా కుట్టింది. మందపాటి గుడ్డ తెచ్చింది. లోపల అస్తరుగా ఇంకో పొర గుడ్డ వేసింది. కుట్టు పక్కన కుట్టు, దాని మీద పట్టీ. మామూలు దారం చాలదని గట్టి నైలాను దారం కావాలంది. అప్పట్లో మా ఊరికి వచ్చే పైలట్ చిన్నవాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు. కంచె దగ్గరికొచ్చి పిన్నిని "అక్కా" అని పిలిచి, మంచినీళ్ళు అడిగి తాగేవాడు. ఆ దారం పట్నం నుంచి అతనే తెచ్చిచ్చాడు. "ఇది తెగితే నన్నడుగక్కా," అన్నాడు.

సంచి కర్రకెక్కించిన రోజు ఈదురుగాలి. నారింజ రంగు గొట్టం నిండుగా లేచి నిలబడింది. కంచె దగ్గర జనం చప్పట్లు కొట్టారు. మేనేజరు గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రోజు పిన్ని మొహం చూడాలి. తన చేతిపని ఊరందరికంటే ఎత్తున ఎగురుతోంది మరి.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఆ తర్వాత ఒక రోజు పొద్దున్నే వాన పడి వెలిసింది. పిన్ని ఉతికిన బట్టలు తీగ మీద ఆరేసింది. నేను లోపల కాజాలు కుడుతున్నాను. విమానం మోత వినిపించింది, రోజూ వినేదే. కాసేపటికి ఎప్పుడూ వినని చప్పుడు వినిపించింది. బయటికి పరిగెత్తాను. ఊరి వైపు నుంచి దిగిన విమానం రన్‌వే చివర దాటి కాలవలో ముక్కు పెట్టి పడి ఉంది. తోక పైకి లేచి ఉంది. జనం అరుచుకుంటూ పరిగెడుతున్నారు. ప్రయాణికుల్ని ఒక్కొక్కరినే లాగారు. చేతులు విరిగినవాళ్ళు, తలలు పగిలినవాళ్ళు, అయినా అందరూ బతికారు. పైలట్ బతకలేదు.

బాబాయి రేకుల గదిలోంచి బయటికి రాలేదు. నేను వెళ్ళేసరికి మైకు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుని ఉన్నాడు. పొద్దున వాన జల్లు పడుతోందని మూసిన కిటికీ అద్దం ఇంకా తీయలేదు. ఆ అద్దంలోంచి చూస్తే ఎదురుగా గాలి సంచి. కర్రని అంటుకుని, బరువుగా, తడిసిన బస్తాలా వేలాడుతోంది.

"గాలి లేదని చెప్పానమ్మా," అన్నాడు నాతో. "గాలి లేదు, మళ్ళీ చెబుతున్నాను గాలి లేదు అన్నాను."

సాయంత్రం పిన్ని బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్ళింది. ఎంతకీ రాకపోతే చూడ్డానికి వెళ్ళాను. తీగ ముందు నిలబడి ఉంది. చేతినిండా క్లిప్పులు.

"నేను క్లిప్పులెందుకు పెట్టానే?" అంది.

నాకర్థం కాలేదు.

"పొద్దున బట్టలు ఎగిరిపోతున్నాయని క్లిప్పులు పెట్టాను. చీర రెండుసార్లు మొహం మీద కొట్టింది. ఊరి వైపు నుంచి గాలి. గాలి లేకపోతే క్లిప్పులెందుకు పెడతాను?" అని కంచె అవతలికి చూపించింది. "అది మాత్రం లేవలేదు. అస్తరు తడిసి బరువెక్కిపోయింది. నేను అస్తరు వేశాను. నేనే వేశానే."

ఇంతకంటే వివరంగా ఎవరూ ఆ ప్రమాదం గురించి చెప్పలేదు, ఇప్పటివరకూ. ఒంటి పొర గుడ్డయితే వాన వెలియగానే ఆరేది, గాలికి లేచేది. బాబాయి చూసేవాడు, చెప్పేవాడు, ఆ పైలట్ కుర్రాడు గాలికి ఎదురుగా, అవతలి వైపు నుంచి దిగేవాడు. దోమతెరలా ఉందని ఆమె తీసిపారేసిన కుట్టే సరైన కుట్టు.

ఆ రాత్రే బాబాయికి చెప్పేసింది. దాచుకునే మనిషి కాదు. ఆయన, "ఈ మాట ఇంకెక్కడా అనకు," అన్నాడు. రెండోసారి చెప్పలేదు. అప్పట్నుంచి ఆయన ఏ మాటా రెండోసారి చెప్పలేదు.

"అనకపోతే మీ పీకకి చుట్టుకుంటుందండీ!"

"చుట్టుకోనీ. సంచి చూసి చెప్పడం నా పని. కిటికీ తీసి ఒక్కసారి చెయ్యి బయట పెట్టి చూడాల్సింది. పెట్టలేదు. నువ్వెందుకు మధ్యలో?"

విచారణకి పట్నం నుంచి పెద్దలొచ్చారు. వాళ్ళొచ్చేలోపే మేనేజరు గారు పిన్ని కుట్టిన సంచిని దింపించి, కంపెనీ సంచిని ఎక్కించారు. ఎంతకీ రాని సంచి ఆ ఒక్క రోజులో ఎలా వచ్చిందో ఆయనకే తెలియాలి. దింపిన సంచి ఏమైందంటే నీళ్ళు నమిలారు. ఊళ్ళో దర్జీ చేత కుట్టించారని తెలిస్తే మెడకి చుట్టుకునేది ఆయనకే కదా.

పిన్ని ఒంటి కాలి మీద లేచింది. మిషను ముందు కూర్చుని, అదే గుడ్డ, అదే దారం, అదే అస్తరుతో ఇంకో సంచి కుట్టింది. దాన్ని బకెట్లో తడిపి, భుజాన వేసుకుని, నీళ్ళు కారుతుండగా విచారణ గదిలోకి వెళ్ళింది. నేను వెనకాలే వెళ్ళాను. బల్ల అవతల ముగ్గురు పెద్దమనుషులు. ఓ పక్క కుర్చీలో బాబాయి. పిన్నిని చూడగానే తల వంచేసుకున్నాడు.

"అయ్యా, తప్పు ఈయనది కాదు, నాది. ఈ సంచి లేవదు. కావాలంటే బయట కర్రకి కట్టి చూడండి," అంది పిన్ని.

పెద్దాయన మర్యాదస్తుడే. సంచి చివర పట్టుకుని చూశాడు. రెండు చేతులతో లాగి చూశాడు. పక్కాయనకి కూడా చూపించాడు. "కుట్టు చాలా బాగుందమ్మా," అన్నాడు. "ఇంత గట్టి పని ఈ రోజుల్లో ఎవరూ చేయడం లేదు. మీ ఆయన మీద మీకున్న ప్రేమ మాకు అర్థమైంది. ఇక వెళ్ళి రండి."

జన్మంతా ఆ మెప్పు కోసమే కుట్టిన మనిషి, ఆ మాటకి అక్కడే కూలబడింది. తడి గుడ్డ ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చుండిపోయింది. నేనూ ప్యూనూ చెరో చెయ్యి పట్టుకుని లేపాం.

గాలి సమాచారం ఇవ్వడంలో ఉద్యోగి నిర్లక్ష్యం వహించాడని తేల్చి చేతులు దులుపుకున్నారు. బాబాయి ఉద్యోగం పోయింది. ఉద్యోగం పోతే పోయింది, బతకలేమా? బజారుకి వెళ్తే ఆ పైలట్ వయసు కుర్రాళ్ళ తల్లులు మొహం తిప్పుకునేవాళ్ళు. పశువులు తోలిన నాటి నుంచి విమానం మోత వింటే తల ఎత్తి చూసే మనిషి, తల ఎత్తడమే మానేశాడు. మోత వినిపిస్తే లోపలికెళ్ళి తలుపేసుకునేవాడు. పిన్నితో కోపంగా లేడు, ప్రేమగానూ లేడు. "టీ" అనేవాడు, అంతే. ఆమె గ్లాసు పెట్టి, ఇంకోసారి అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడేది. అలా కొన్నేళ్ళు చిక్కి చిక్కి, ఒక ఎండాకాలం పోయాడు. పెద్ద జబ్బేమీ లేదన్నాడు డాక్టరు. జబ్బు ఏమిటో మాకు తెలుసు.

విమానాలు మాత్రం ఒకటొకటిగా తగ్గిపోయాయి. వస్తాయి వస్తాయి అంటూనే ఉన్నారు. అప్పుడెవరో పెద్ద నాయకుడు వచ్చి, మన ఊరు పట్నమైపోతుందని చెప్పి, గాజు భవనం కట్టించాడు. రన్‌వే మాత్రం పొడిగించలేదు, కాలవ కాలవలాగే ఉంది. భవనం మాత్రం తళతళలాడింది. దానంతట అదే తెరుచుకునే తలుపు, కదిలే మెట్లు, పెట్టెలు తిరిగే బెల్టు, అన్నీ పెట్టారు. ప్రారంభం రోజు ఊరంతా వెళ్ళింది. పిన్ని కూడా ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చింది. బాబాయి ఫోటో ఏమైనా పెట్టారేమోనని ఆమె ఆశ.

గోడ నిండా విమానాశ్రయ చరిత్ర. బీడు ఫోటో ఉంది, కాటా ఫోటో ఉంది, దువ్వెన మేనేజరు గారి ఫోటో అయితే దండతో సహా ఉంది. బాబాయి ఎక్కడా లేడు. కింద పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం: సమాచారం తప్పుగా ఇచ్చిన ఒక ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల జరిగిన దుర్ఘటనలో పైలట్ మరణించాడు. పేరు కూడా లేదు. నిర్లక్ష్యం ఒక్కటే మిగిలింది ఆయనకి.

పిన్ని ఆ అక్షరాల మీద అరచెయ్యి పెట్టింది. కాపలా మనిషి వచ్చి, "ముట్టుకోకూడదమ్మా, మరకలు పడతాయి," అన్నాడు. నేనతన్ని ఏమన్నానో ఇక్కడ రాయడం బాగోదు.

ఆ తర్వాత పిన్ని తిరగని ఆఫీసు లేదు. "నేను చచ్చేలోపు ఆ ఒక్క ముక్క తీయించండి బాబూ," అని అడగని మనిషి లేడు. రిపోర్టులో ఉన్నదే రాశామని ఒకళ్ళు, పైవాళ్ళని అడగాలని ఒకళ్ళు. ఆమె వెనకాల తిరిగి తిరిగి నా చెప్పులు అరిగాయి, నా నోరు మరీ చెడ్డదైంది. ఇంతలో ఆ గాజు భవనానికి వచ్చే విమానమూ ఆగిపోయింది. కదిలే మెట్లు కదలడం మానేశాయి.

చివరికి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. అతని కింద ఇద్దరు ఊడ్చేవాళ్ళు, ఒక కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ఒక రోజు అతనే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మంచివాడిలాగే కనిపించాడు.

"గట్టికుట్టు అమ్మగారిల్లు ఇదేనా? తనిఖీకి పైనుంచి మనుషులొస్తున్నారమ్మా. వాళ్ళు సరే అంటే మళ్ళీ విమానాలొస్తాయి. గాలి సంచి చిరిగి పీలికలైంది. కంపెనీకి రాస్తే జవాబు లేదు. మీరు కుట్టి పెడతారేమోనని..."

నేను కత్తెర పట్టుకుని లేచాను. పిన్ని నన్ను చేత్తో ఆపింది. అతన్ని కూర్చోమంది. తర్వాత మొత్తం చెప్పింది. క్లిప్పుల దగ్గర్నుంచి గోడ మీద వాక్యం దాకా. అతను మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు.

"ఆ బోర్డు తీయించడం నా చేతిలో పనేనమ్మా. తనిఖీ కానివ్వండి, ఆ మాట లేకుండా కొత్తది వేయిస్తాను," అన్నాడు.

"కుడతాను బాబూ. నాకింకేం వద్దు."

ఈసారి పిన్ని ఉల్లిపొరలాంటి గుడ్డ తెచ్చింది. ఒకే వరస కుట్టాలి. వరస చివరికొచ్చేసరికి చెయ్యి తనంతట తనే గుడ్డని తిప్పేది, పక్క వరస వేయడానికి. టక్కున ఆపుకుని, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అంతకాలం గర్వపడ్డ చెయ్యే అది. "అస్తరు లేదు కదే? పట్టీ వేయలేదు కదా నేను?" అని నన్ను పదే పదే అడిగేది. "వేయలేదు పిన్నీ" అనేదాన్ని. మళ్ళీ తడిమి చూసుకునేది. అయ్యాక బకెట్లో తడిపి, తీగ మీద వేసి, ఎంతసేపట్లో ఆరుతుందో చూస్తూ పెరట్లోనే కూర్చుంది.

మేనేజరే కర్రకెక్కించాడు. తనిఖీవాళ్ళు రాలేదు. రాబోయే వారం అన్నారు, ఆ వచ్చే వారం అన్నారు. చివరికి మూసెయ్యమని ఉత్తర్వు వచ్చింది. మేనేజరుని వేరే ఊరికి వేశారు. వెళ్ళే ముందు అతను మొహం చాటేయలేదు, ఇంటికొచ్చాడు. గుమ్మం దాటకుండా నిలబడి, "క్షమించండమ్మా. భవనానికి సీలు వేశారు. లోపల ఒక్క మేకు కూడా పీకకూడదన్నారు. తాళాలు నా దగ్గర లేవు," అన్నాడు. పిన్ని అతనికి మంచినీళ్ళిచ్చింది. అతను తాగేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పిన్ని తనని ఆ భవనం దగ్గరికి తీసుకెళ్ళమంది. గేటు దగ్గర ఎవరూ లేరు. గాజు తలుపుకి గొలుసు. అద్దానికి మొహం ఆనించి, ఎండ పడకుండా చేతులు అడ్డం పెట్టుకుని చూస్తే గోడ కనిపిస్తుంది. దుమ్ము పట్టినా ఆ వాక్యం చక్కగా చదవొచ్చు. ఇక దాన్ని తీసేవాళ్ళెవరూ లేరు. విమానాలున్నప్పుడు అడగడానికి మనుషులైనా ఉండేవాళ్ళు.

నాకు ఏడుపు ఆగలేదు. అద్దం పగలగొడదామని రాయి కోసం వెతికాను, నిజంగానే వెతికాను. పిన్ని ఏడవలేదు. నన్ను వదిలేసి రన్‌వే వైపు నడిచింది. తారు పగుళ్ళలోంచి గడ్డి మొలిచింది. రేకుల గది కిటికీకి అద్దం లేదు. ఆ కిటికీ పక్కన నిలబడి ఆమె కర్ర వంక చూస్తోంది.

అప్పుడు వీచినదాన్ని గాలి అని కూడా అనలేం. నా పైట కదల్లేదు. కానీ సంచి మెల్లగా నిండి, తేలిగ్గా లేచి, ఊరి వైపు నుంచి కాలవ వైపు తిరిగి నిలబడింది. ఒంటి వరస కుట్టు ఎండలో స్పష్టంగా కనిపిస్తోంది. ఒక చోట అప్పుడే పిగులుతోంది కూడా.

పిన్ని ఆకాశం వంక తలెత్తింది. గొంతు సవరించుకుంది.

"గాలి ఉంది," అంది గట్టిగా. కాసేపాగింది. "మళ్ళీ చెబుతున్నాను, గాలి ఉంది."

పైన ఏమీ లేదు. చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆ రోజు తర్వాత ఆమె మిషను తొక్కలేదు.